కిష్టయ్య మిల్ట్రీ తొడుగులు

మహబూబ్‌నగర్ పాత బస్టాండు వెనక గల్లీలో ఉన్న నూరుద్దీన్ దుకాణానికి బోర్డు లేదు. చూరుకు వేలాడే లాంతర్లు, సైనికుల నీళ్ల సీసాలు, ఇత్తడి బిళ్లల బెల్టులు చూసి ఆగినవాడే అసలు గిరాకీ అని ఆయన లెక్క. బోర్డు చదివి వచ్చేవాడు ధర అడిగి పోతాడు. వస్తువు చూసి ఆగినవాడు ఆ రోజు పోయినా మళ్లీ వస్తాడు.

దుకాణం మూలన ఒక ఇనప పెట్టె ఉంది. అందులో అన్నీ ఒంటివే. ఒంటి బూటు, డబ్బా పోయిన మూత, మూత పోయిన డబ్బా, జత తప్పిన కాలి తొడుగులు. దీనికి జోడు ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా అని ఒక్కొక్కటీ కొన్నాడు. జోడు దొరికితే వస్తువు పెట్టెలోంచి బయటికొస్తుంది, లేకపోతే అక్కడే ఉంటుంది. ఆయన భార్య ఖమర్ దాన్ని "నీ పెండ్లిగాని పిలగాండ్ల పెట్టె" అనేది. పెట్టె నిండుతోందే తప్ప తరగడం లేదు. పాత సామాను ఉన్నవాళ్లు ఇప్పుడు ఫోన్లో ఫొటో పెట్టి నేరుగా పట్నంలో అమ్ముకుంటున్నారు. గల్లీలోకి వచ్చే కాళ్లు తగ్గాయి.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి శ్రీవాణి అనే ఆమె వచ్చింది. వాళ్ల నాన్న సైన్యంలో పనిచేసి పోయారు. ఆయన ఇంట్లోనే ఒక పెద్ద గదిని అద్దాల పెట్టెలతో నింపి, పాతకాలపు సైనికులు తల నుంచి కాలిదాకా ఏం వేసుకునేవారో చూపించాలని ఆమె పూనుకుంది.

"టోపీలు దొరికాయి, చొక్కాలు దొరికాయి. కాళ్లకు కట్టుకునేవే దొరకడం లేదు నూరుద్దీన్ గారూ. దొరికినా చిరిగిపోయినవి, లేదా ఎక్కడెక్కడివో తెచ్చి జతచేసినవి" అందామె.

"టోపీ గోడకు తగిలిస్తరు మేడమ్, దండం పెడ్తరు. కాలి తొడుగును ఎవరు దాస్తరు? అరిగినదాంక ఏసుకుంటరు, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేస్తరు" అన్నాడు నూరుద్దీన్.

"నాకు ఒక జోడీ కావాలి. ఎడమది ఒకటి, కుడిది ఒకటి. రెండూ ఒకే మనిషి వేసుకున్నవై ఉండాలి. అది మీరు తెచ్చిస్తే, ఇకమీదట ఈ గదికి కావలసినవన్నీ మీ చేతిమీదుగానే కొంటాను."

ఆమె పోయాక నూరుద్దీన్ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గిరాకీ ఒకసారి వచ్చి పోయేది వేరు, ఏళ్ల తరబడి వస్తూనే ఉండేది వేరు. ఈ రెండోది నిలబడితే దుకాణం నిలబడుతుంది. దానికి అడ్డంగా ఉన్నది ఒక్క జోడీ.

తొడుగుల సంగతి ఆయనకు తెలుసు. కాలికి చుట్టుకునే ఉన్ని పట్టీ ఒక రకం, అది పాతది. చీలమండ దగ్గర పొట్టిగా ఉండి పట్టీ బకిల్స్ ఉన్నది ఇంగ్లీషువాళ్ల రకం. మోకాలి కిందిదాకా నిలువుగా ఉండి, అంచున కొక్కేలూ వాటిలో తిరిగే తాడూ ఉన్నది అమెరికావాళ్ల రకం. మందపు కాన్వాసు గుడ్డ, పాదం కిందినుంచి పోయే పట్టీ, లోపల సిరాముద్ర. ఇందులో ఎడమ కుడి పోల్చుకోవడానికి ఒకటే గుర్తు. కొక్కేల వరస కాలికి బయటివైపు రావాలి. లోపలివైపు వస్తే నడిచేటప్పుడు ఒక కాలి కొక్కెం రెండో కాలి తొడుగును పట్టుకుంటుంది, మనిషి బోర్లా పడతాడు.

*

వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, ఆత్మకూర్ దగ్గరి పల్లె నుంచి కురుమయ్య అనే పెద్దాయన తువ్వాల్లో చుట్టిన మూట పట్టుకుని దుకాణానికొచ్చాడు.

"సాయబూ, నువ్వు పాత మిల్ట్రీ సామాను కొంటవంట గదా. గిది జూడు. మా నాయిన కిష్టయ్యది. పెద్ద లడాయప్పుడు అస్సాం దిక్కు రోడ్డు పనికి మిల్ట్రీల పోయిండు. ఇంటికొచ్చేటప్పుడు కాళ్లకేసుకొచ్చిండు."

తువ్వాలు విప్పగానే నూరుద్దీన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మంచి వస్తువు కనిపించినప్పుడు చేతులు ముందుకు పోతే ధర పెరుగుతుందని ఆయనకు అలవాటైన జాగ్రత్త. అమెరికా రకం. గుడ్డ ఎండిన పల్లికాయ పొట్టు రంగుకు వచ్చింది. ఇత్తడి కన్నాలకు పచ్చ చిలుము పట్టింది. కొక్కేలు ఒక్కటి కూడా పోలేదు.

"ఉతికిన్రా దీన్ని?"

"మా ఇంటామె సోడ ఏసి ఉతుకుతనన్నది. మిల్ట్రీది, నీకెందుకే అని నేనే వద్దన్న."

"బతికించినవ్ కురుమన్నా." అప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. లోపలివైపు తిప్పాడు. సిరాముద్ర సగం చెరిగింది, సంవత్సరం మాత్రం చదవడానికి వస్తోంది. తన పిక్కకు ఆనించి చూశాడు. కొక్కేలు బయటివైపుకొచ్చాయి. ఎడమకాలిది. లోపలివైపు, రెండో కాలికి ఎదురయ్యే చోట, గుడ్డ మీద పొడుగాటి గీతలు గీరుకుని ఉన్నాయి. అవెందుకు పడ్డాయో ఆయనకు అంతుపట్టలేదు. ముళ్లకంపై ఉంటుందిలే అనుకున్నాడు.

"కుడిదేది?"

"తమ్మునికాడున్నది."

"తమ్మునికాడ ఎందుకున్నది?"

"పంపకాలల్ల చెరొకటి వచ్చింది."

నూరుద్దీన్ పంపకాల సామాను చాలా కొన్నాడు. ఒక మంచాన్ని రెండు పట్టెలుగా పంచుకున్న ఇల్లు చూశాడు. గంగాళం ఒకరికీ దాని మూత ఒకరికీ పోయిన ఇల్లు చూశాడు. కానీ కాలి తొడుగుల జోడీని విడదీసినవాళ్లను ఇదే చూడటం.

"చెరొక కాలుకు పంచిన పెద్దమనిషెవరన్నా?"

కురుమయ్యకు నవ్వొచ్చింది. "మా మేనమామ. భూమి కాడ లొల్లి కాలే, బర్ల కాడ కాలే. దీని కాడికొచ్చేసరికి నాకంటే నాకని ఇద్దరం లేసినం. ఆయనకు యాష్టకొచ్చి చెరొకటి చేతుల పెట్టి, ఇగ నోర్లు మూసుకోన్రి అన్నడు. గంతే. అప్పటికెళ్లి నోర్లు మూసుకునే ఉన్నం. వాడు నాతోని మాట్లాడడు, నేను వానితోని మాట్లాడ."

"మరి ఇప్పుడెందుకు అమ్ముతున్నవ్?"

"ఒంటిదాన్తోని ఏం జెయ్యాలె? ఒక్క కాలుకేసుకొని ఊరేగాల్నా?"

తమ్ముడు పెళ్లినాడు బాప్తిస్మం తీసుకుని సాల్మన్ అయ్యాడని, అత్తగారి ఊరు అచ్చంపేట అవతల అడవి అంచున ఉంటే అక్కడే స్థిరపడ్డాడని కురుమయ్య చెప్పాడు. నూరుద్దీన్ బేరం తెగ్గొట్టాడు. ఇప్పుడు చేతిలో కొంత బయానా పెడతాడు. రెండోది దొరికి జోడీ కుదిరితే పూర్తి సొమ్ము. కుదరకపోతే ఎవరిది వాళ్లకు వాపసు.

"వాడియ్యడు. మొండోడు" అన్నాడు కురుమయ్య లేస్తూ. గుమ్మం దాకా పోయి మళ్లీ తిరిగాడు. "ఆరోగ్యం ఎట్లున్నదో జర చూసిరా. నేనడిగిన్నని చెప్పకు."

*

కొత్త జిల్లాలయ్యాక ఆత్మకూర్ ఒక జిల్లాకు, అచ్చంపేట ఇంకో జిల్లాకు పోయాయి. నూరుద్దీన్‌కు మాత్రం అంతా పాలమూరే. బస్సు దిగి ఆటో ఎక్కి ఆ పల్లె చేరేసరికి ఎండ మెత్తబడింది. సాల్మన్ ఇల్లు ఎక్కడని అడిగితే కల్లు ముంత పట్టుకున్న ఒకాయన, "ఏ సాల్మన్? ఒంటికాలు సిపాయా?" అని నవ్వి దారి చూపించాడు.

ఆ పేరెందుకొచ్చిందో కాసేపటికే తెలిసింది. చేను నుంచి ఒక మనిషి వస్తున్నాడు. లుంగీ మోకాళ్ల పైకి కట్టుకున్నాడు. కుడికాలికి తొడుగు ఉంది. ఎడమకాలు బోసిగా ఉంది.

ఇంటిముందు చింతపండు గింజలు తీస్తున్న అతని భార్య రూతమ్మ కొత్తమనిషిని చూసి కొంగు సర్దుకుంది. ఆయన చూపు ఎక్కడుందో గమనించి, "ఏం జూస్తున్నవన్నా? మా ఊరి పాములు కుడికాలునే కరుస్తయి. ఎడమకాలు జోలికి రావు. మా ఆయన వాటితోని మాట్లాడుకున్నడు" అంది.

"నీకేం తెలుసే? తొడుగు లేని కాలు ఎనకేస్త, ఉన్న కాలు ముందటేస్త" అన్నాడు సాల్మన్ గంభీరంగా.

నూరుద్దీన్ తన పేరు, వ్యాపారం, వచ్చిన పని దాచకుండా చెప్పాడు. మాట్లాడుతూనే కళ్లతో తొడుగును కొలుస్తున్నాడు. కొక్కేలు ఒక్కటీ లేవు. వాటి బదులు బయటివైపు మూడు తోలు పట్టీలు, మూడు ఇనప బకిల్స్ ఉన్నాయి. తోలు ముదురు రంగుకు తిరిగి కాన్వాసులో కలిసిపోయింది. కుట్టు మాత్రం చూడముచ్చటగా ఉంది. దగ్గర దగ్గరగా, రెండు వరసల్లో, ఒక్క పోగు వదులు లేకుండా. అయినా జోడీలో ఒకటి కొక్కేలది, ఒకటి తోలు పట్టీలది అంటే శ్రీవాణి ముందు ఏ ముఖంతో పెట్టాలి?

"నేను అమ్మను" అన్నాడు సాల్మన్. "అన్న అమ్ముకున్నడా తనది?"

"బయానా తీసుకున్నడు. ఇంకా అమ్మలే."

"ఏదీ, చూపియ్యి."

సంచిలోంచి తీయగానే సాల్మన్ ముందుగా తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాడు. తర్వాతే అందుకున్నాడు. కొక్కేల మీద వేలు ఒకదాని తర్వాత ఒకటిగా నడిపాడు. "సూసినవా రూతా. కంపెనీ కొక్కెం ఒక్కటి సుత పోలే. మంచిది ఎప్పుడన్నా ఆయనకే. ఊట బాయి దిక్కు చెలక ఆయనకు. మంచి తొడుగు ఆయనకు. నాకేమొచ్చింది? తోలు కుట్లది."

"రెండూ పక్కపక్కకు పెట్టి ఒక్కసారి చూస్తనన్నా. కొననియ్యకున్నా చూడనియ్యి. ఇంతదూరం వచ్చిన" అన్నాడు నూరుద్దీన్.

సాల్మన్ తన తొడుగు విప్పి మంచం మీద పెట్టాడు. నూరుద్దీన్ దాన్ని లోపలివైపు తిరగేశాడు. కొత్త తోలు పట్టీలున్న వైపు కాదు, ఏమీలేని రెండో వైపు, అంచు వెంట చిన్న చిన్న బెజ్జాల వరస కనిపించింది. ఒక్కో బెజ్జాన్నీ దారంతో పూడ్చారు. కొక్కేలు పీకిన చోట్లు అవి. పాదం మీదికి వంగే ముందుభాగం ఎటుందో చూసుకుని, దాన్ని తన కాలికి ఆనించాడు. బెజ్జాలు బయటివైపు రావాలంటే ఎడమకాలికే వస్తున్నాయి.

ఆయన ఇంకొకసారి చూశాడు. తర్వాత కురుమయ్య తొడుగును పక్కన పెట్టి, దాని మీద గీరుకున్న గీతల ఎత్తుకూ దీని బెజ్జాల ఎత్తుకూ వేళ్లతో కొలిచాడు. గీతకు బెజ్జం సరిగ్గా కలిసింది. ముళ్లకంప కాదు.

"సాల్మనన్నా" అన్నాడు నెమ్మదిగా, "రెండూ ఎడమకాలివే."

"ఏంది?"

"మీ నాయిన తెచ్చిన రెండూ ఎడమకాలు తొడుగులే. ఒకటి ఎడమకాలుకు సరిపోయింది. ఇంకొకటి కుడికాలుకేసుకుంటే కొక్కేలు లోపలికొచ్చినయ్. అవి దీన్ని గీరుకుంట పోయినయ్, చూడు ఈ గీతలు. అట్ల నడిస్తే పడిపోతరు. అందుకే కొక్కేలు పీకిండు, బెజ్జాలు పూడ్చిండు, బయటిదిక్కు తోలు పట్టీలు కుట్టిండు. ఎడమదాన్ని కుడిది చేసిండు."

రూతమ్మ చింతగింజల చేట పక్కకు పెట్టింది. "మా మామ బతికినన్నాళ్లు రెండు ఎడమకాళ్లతోని నడిచిండా?"

సాల్మన్ నవ్వలేదు. మంచం కోడు మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. "చెప్పెటోడు నాయిన. లడాయి ఒడిసినంక క్యాంపుల సామాను కుప్ప పోసిన్రంట. తలా ఇన్ని తీసుకోన్రన్నరంట. చేతికందినయ్ ఎత్తుకొచ్చిన అనెటోడు. ఇంటికొచ్చిన కొత్తల వాకిట్లనే తట్టుకొని పడ్డడని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. గెందుకు పడ్డడో మాకెవ్వలకు తెల్వదు."

తోలు పని ఆ ఇంటికి కొత్తది కాదు. కురుమూర్తి జాతరకు స్వామి ఉద్దాలు, అంటే తోలు పాదుకలు, కుట్టే ఇంటికి కిష్టయ్య దగ్గరి చుట్టం. ఎడమదాన్ని కుడిదిగా మార్చడం ఆయనకు ఒక పూట పనై ఉంటుంది.

*

చర్చి అరుగు దగ్గర మాత్రమే ఫోన్ సరిగా పలుకుతుందంటే, నూరుద్దీన్ మంచం మీది రెండు తొడుగులకూ ఫొటోలు తీసుకుని అక్కడికి నడిచాడు. నడుస్తూ లెక్క వేసుకున్నాడు. శ్రీవాణి అడిగింది ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఇది అది కాదు. తోలు పట్టీల సంగతి చెప్పకుండా, చిన్న మరమ్మతు అని పంపితే ఆమె అప్పటికి గుర్తుపట్టకపోవచ్చు. కానీ గదికి ఎవరెవరో వస్తారు, తెలిసినవాడు ఒకడు చాలు. ఈ ఒక్క బేరం నిలబెట్టుకోవడానికి వెనక రాబోయే బేరాలన్నీ పెట్టుబడి పెట్టడం మంచి వ్యాపారం కాదు. ఫొటోలు పంపి, ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"జోడీ కాదు మేడమ్. రెండూ ఎడమవే. ముందే చెప్తున్న."

ఆమె అటునుంచి ఫొటోలు చూస్తున్నట్టుంది. "కానీ రెండూ ఒకే మనిషి వేసుకున్నవి కదా?"

"ఒకే మనిషివి. దానికి పూచీ నాది. ఒకదాని గీతలు ఒకదాని మీద ఉన్నయ్."

"ఆ కుట్టు కూడా ఆయనదేనా?"

"ఆయన చేతిదే."

"నూరుద్దీన్ గారూ, అసలు జోడీ అయినా నాకు ఇంత నచ్చేది కాదు. ఇవే కావాలి. వదలకండి."

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి ఆయన చేతులు వెనక్కి పోవడం మరిచిపోయాయి. ఒంటిగా ఒకటి వస్తే అది పెట్టెలోకే. రెండూ కలిసి వస్తే దుకాణం నిలబడుతుంది. ఒకటి బయానా మీద తన చేతికొచ్చింది, ఇంకొకటి అమ్మనన్నవాడిది.

తిరిగి వచ్చేసరికి సాల్మన్ రెండు తొడుగులూ రెండు కాళ్లకు వేసుకుని వాకిట్లో అటూ ఇటూ నడుస్తున్నాడు.

"భాయ్, అన్న తొడుగు నాకే అమ్ము. నాయినది నాకాడ జతగుంటది" అన్నాడు.

"నాదయితే కదా అమ్మేది? అది ఇంకా మీ అన్నదే. ఆయన మాట కావాలె."

"ఆయనతోని నేను మాట్లాడ."

"నువ్వు మాట్లాడకు. నేనే మాట్లాడుత. నువ్వు పక్కపొంటి ఉండు, చాలు" అని సాల్మన్‌నూ రూతమ్మనూ చర్చి అరుగు దగ్గరికి తీసుకుపోయి, నూరుద్దీన్ కురుమయ్యకు ఫోన్ కలిపి గొంతు బయటికి వినపడేట్టు అరుగు మీద పెట్టాడు.

"ఏమాయె సాయబూ? ఇచ్చిండా మొండోడు?"

సాల్మన్ పళ్లు బిగపట్టాడు.

"ఇయ్యలే. పైగా నీది సుత ఆయనకే కావాల్నంట" అన్నాడు నూరుద్దీన్.

"వానికా? మంచిది తీసుకపోయింది సాల్లేదా?"

"ఏంది మంచిది?" సాల్మన్ ఆగలేకపోయాడు. "కొక్కేలూడినది మంచిదా? కొక్కేలున్నది నువ్వు గుంజుకొని..."

ఫోన్లో ఎక్కడో మేక అరుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత కురుమయ్య గొంతు వచ్చింది, ఈసారి తగ్గి. "నాయిన చేతి కుట్టున్నది నీకే పాయె గదరా. నాకు కంపెనీ మాల్ వచ్చింది. నాయిన గది కుడుతుంటే దారానికి మైనం రుద్దిచ్చింది నేను. నువ్వప్పుడు పుట్టలే. గందుకే గదే నాకు కావాలన్న. మేనమామ తీసి నీ చేతుల పెట్టిండు."

సాల్మన్ కింద చూసుకుని తోలు పట్టీని సర్దుకున్నాడు. అది సర్దాల్సిన అవసరం లేదు, బిగుతుగానే ఉంది.

"బావా, బాగున్నవా?" అంది రూతమ్మ ఫోను మీదికి వంగి. "గీయన ఎప్పుడన్నా గట్లనే. ఒక్క కాలుకేసుకొని తిరుగుతడు, ఊరంత నవ్వుతది. అక్క బాగున్నదా?"

"ఒక్క కాలుకేసుకొని తిరుగుతడా?" కురుమయ్య నవ్వు ఫోన్లో పగిలింది. "నిజంగనేనా?"

"మరేం జెయ్యాలె? పారెయ్యాల్నా?" అన్నాడు సాల్మన్. ఇన్నేళ్ల తర్వాత అతను అన్నతో కోపం లేకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

అక్కడినుంచి మాటలు తెగలేదు. కానీ నూరుద్దీన్ ఆశపడ్డట్టూ సాగలేదు. బయానా వాపసిస్తానన్నాడు కురుమయ్య. రెండూ నా దగ్గరుండాలన్నాడు సాల్మన్. మైనం రుద్దినవాడిని నేను, నా దగ్గరే ఉండాలన్నాడు పెద్దాయన. మేనమామ ముందు ఎక్కడ ఆగిందో ఆ పంచాయితీ అక్కడినుంచే మళ్లీ మొదలైంది. ఇక చెరొకటి అంటారేమోనని నూరుద్దీన్‌కు గుబులు పుట్టింది.

"జర ఆగున్రి" అన్నాడు. "మీ నాయినకు బాయి ఉండెనా?"

"ఉండె. మా చిన్నాయినోల్లతోని పొత్తు బాయి" అన్నాడు కురుమయ్య.

"దాన్నెట్ల పంచుకున్నరు? చెరిసగం కోసుకున్నరా?"

"బాయినెట్ల కోస్తరు? వంతులు పెట్టుకున్నరు. నాలుగొద్దులు మాకు, నాలుగొద్దులు వాళ్లకు."

"మరి వీటికెందుకు పెట్టలే వంతులు?"

"మేనమామకు తోచలే" అన్నాడు సాల్మన్.

"మనకేం తోచిందని?" అన్నాడు ఫోన్లో అన్న.

ఆ సందు దొరికేవరకే నూరుద్దీన్ ఆగాడు. "వానకాలం పంటప్పుడు అన్న కాడ. యాసంగికి తమ్ముని కాడ. ఎండకాలం బాయిల నీళ్లుండయ్, ఎవ్వల వంతూ ఉండదు. ఆ ఎండకాలం వంతు నాకియ్యిన్రి. పట్నంల ఒక మేడమ్ అద్దాల పెట్టెల పెడ్తది. పేరు రాస్తది, కిష్టయ్యవి అని. అమ్మకం లేదు, కిరాయి. కిరాయి మీ ఇద్దరికి, అండ్ల నాకు కొంచెం."

కురుమయ్య అన్నాడు. "అనుకున్న. సాయబు ఊకె బాయి ముచ్చట తియ్యడని."

ఆ అరుగు మీదినుంచే ఫోన్ చేసి శ్రీవాణిని ఒప్పించడం దానికంటే కష్టమైంది. కిరాయి ఏమిటన్నది. ఏటా ఎండాకాలమే ఎందుకన్నది. పిల్లలకు సెలవులు అప్పుడే, గది చూడటానికి వచ్చేది వాళ్లే అని నూరుద్దీన్ అన్నాక కొంచెం మెత్తబడింది. కానీ ఒక షరతు పెట్టింది. వంతు ఎవరిదైనా సరే, ఇంట్లో దాచుకోవాలి, చేనులోకి వేసుకుపోకూడదు.

"ఏసుకోకుంటే గవెందుకు?" అన్నాడు సాల్మన్. "పాములు మేడమ్ గారికి భయపడి రాకుంటయా?"

"దానికి మందు నాకాడున్నది. మీ అన్నను తీసుకొని దుకాణానికి రా" అన్నాడు నూరుద్దీన్.

*

తొలి వానలు పడ్డాక ఒక సంత రోజు ఇద్దరూ కలిసి వచ్చారు. దారిలో ఏమన్నా మాట్లాడుకున్నారో లేదో తెలియదు. కానీ గల్లీ మొగలో ఇద్దరూ ఒకే గ్లాసులోంచి సగం సగం చాయ్ పోసుకుని తాగడం నూరుద్దీన్ గుమ్మంలోంచి చూశాడు. కురుమయ్య బయానా లెక్కపెట్టకుండా చేతిలో పెట్టాడు. నూరుద్దీన్ కూడా లెక్కపెట్టకుండానే గల్లాలో వేశాడు. అది ఆయనకు అలవాటు లేని పని. మొదటి వంతు పెద్దాయనదే కాబట్టి రెండు తొడుగులూ ఆయన తువ్వాల్లోకి పోయాయి.

ఫోన్ మోగింది. శ్రీవాణి.

"ఎండాకాలానికి పెట్టె చేయిస్తున్నాను. కొలతలు పంపండి. ఇంకొకటి నూరుద్దీన్ గారూ. అసలు జోడీ కూడా వెతుకుతూనే ఉండండి. బెల్టులు కూడా చూడండి, ఆ తర్వాత బూట్లు."

"చూస్త మేడమ్" అన్నాడాయన. ఫోన్ పెట్టేసి, మూలనున్న ఇనప పెట్టె తెరిచాడు. ఖమర్ లోపలినుంచి తొంగి చూసి, "ఏం, సంబంధం కుదిరిందా ఎవ్వలకన్నా?" అంది.

"రెండిటికి కుదిరింది" అని నూరుద్దీన్ రెండు తొడుగులు తీసి సాల్మన్ ముందు వేశాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి మట్టిరంగు. గుడ్డ రెండింటిదీ గట్టిదే, పాము పన్ను దిగనిది. "ఇవి నీకు ఊకెనే. పాముల కాలం కదా. నాయినవి మాత్రం ముట్టద్దు."

సాల్మన్ కింద కూర్చుని వాటిని కాళ్లకు పెట్టుకుని చూశాడు. ముందు ఎడమకాలికి. తర్వాత కుడికాలికి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొహం పైకెత్తాడు.

"భాయ్, గివి రెండూ ఎడమవే గదా?"

"అవును" అన్నాడు నూరుద్దీన్, పెట్టె మూత వేస్తూ. "మీ నాయినకు చేతనైంది, నీకు గాదా?"

కురుమయ్య అప్పటికే తమ్ముడి చేతిలోంచి మట్టిరంగు తొడుగు లాక్కుని, కొక్కేలు ఎక్కడినుంచి పీకాలో వేలితో చూపిస్తున్నాడు. "దారం తెచ్చుకో. మైనం నేను రుద్దిస్త" అన్నాడు.